చంద్రగ్రహణం వార్తతో ఇంగ్లీష్ పదాలు ఎలా నేర్చుకోవాలి?

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో మన పిల్లల్ని చూస్తుంటా, ఇంటర్వ్యూలకని యాప్‌లో రోజుకి పది వర్డ్స్ బట్టీ కొడతారు, వారం తిరక్కుండానే అన్నీ ఎగిరిపోతాయి. వార్త పట్టుకోండి బాబూ. అదీ గ్రహణం వార్త అయితే బెస్ట్, పట్టు విడుపు సంగతులు మనకి చిన్నప్పట్నుంచీ తెలిసినవే కాబట్టి కొత్త మాట తగిలినా అర్థం ఊహించేయొచ్చు.

ప్రింటవుట్, పెన్ను, నోట్‌బుక్ చాలు. ఫోన్‌లో మాత్రం చదవొద్దు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ గ్రహణం వార్తలు బోలెడు దొరుకుతాయి, కోరమంగళలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు లైవ్ కూడా ఇచ్చారు. ముందు తెలుగు వార్త, తర్వాత ఇంగ్లీష్‌ది, డిక్షనరీ ముట్టుకోకుండా చివరిదాకా చదవండి.

ఇక పదాలు ఏరడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. పెనంబ్రా, అంబ్రా (భూమి నీడలో పలచటి, చిక్కటి భాగాల పేర్లు) కింద ఎర్ర గీతలు కొట్టి మురిసిపోతారు, అవి ఆఫీస్‌లో ఎవరితో మాట్లాడతారు చెప్పండి? క్రియలు పట్టుకోండి. ఒంటరిగా కాదు, పక్కనున్న మాటలతో సహా రాసుకోవాలి. షాడో అని ఒక్కటే రాస్తే రేపు నోట్లోంచి 'పుట్ షాడో' అని వస్తుంది, 'కాస్ట్ ఎ షాడో' అని మొత్తం రాయండి. ఇదే మాట స్పోర్ట్స్ పేజీలో 'వాన మ్యాచ్ మీద కాస్ట్ ఎ షాడో' అన్నట్టు వస్తుంది, అక్కడ నీడా లేదు ఏం లేదు, అనుమానం కమ్ముకుందని అర్థం. 'టోటాలిటీ లాస్టెడ్ 82 మినిట్స్', అంటే చంద్రుడు పూర్తిగా నీడలో 82 నిమిషాలు ఉన్నాడని ఉంటే ఆ లాస్టెడ్ తీసుకుని మీ మీటింగ్‌కి తగిలించండి. కానీ అన్నీ అలా తగిలించకూడదు, విట్నెస్ అనేది గ్రహణానికో యాక్సిడెంట్‌కో సరిపోతుంది, క్యాంటీన్‌లో ఫ్రెండ్‌ని విట్నెస్ చేశా అంటే నవ్వుతారు. అందుకే డిక్షనరీలో అర్థం ఒక్కటే చూసి వదలొద్దు, కింద ఉదాహరణ వాక్యాలు కూడా చదవండి. ఒక వార్తకి ఆరు మాటలు, ఏడోది వద్దు.

తర్వాత పేపర్ మూసేసి, చంద్రుడు ఎర్రగా ఎందుకయ్యాడో రూమ్మేట్‌కి ఇంగ్లీష్‌లో చెప్పండి. సూర్యకాంతి భూమి వాతావరణం గుండా వెళ్ళేటప్పుడు నీలం స్కాటర్ అయిపోతుంది, ఎరుపు బెండ్ అయి చంద్రుడి మీద పడుతుంది, అంతే. ఎక్కడ ఆగిపోయారో ఆ మాట మళ్ళీ పేపర్లో చూసుకోండి. రూమ్మేట్ తెలుగోడే అయితే మధ్యలో తెలుగులోకి జారిపోతారు, ఒడియా అబ్బాయో మలయాళీయో అయితే ఇంకా మంచిది.