నల్ల కారు మీద సన్నగీతలు పోయిన తీరు

ఎండలో చూస్తే మా నల్ల కారు బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్నగీతలు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే వచ్చేవే ఇవి. ముందు ఒక మూల ఫోమ్ ప్యాడ్, పెయింట్ పైపొరను అరగదీసే పేస్ట్ అయిన మీడియం కాంపౌండ్‌తో చేసి చూశాను. గీతలు ఇట్టే పోయాయి, కానీ మసక మిగిలింది. అంటే క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) మెత్తనిది: త్వరగా అరుగుతుంది, కొత్త గీతలూ అంతే త్వరగా పడతాయి. మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్, సన్నటి పాలిష్, మెషిన్ తక్కువ స్పీడ్‌లో, పెద్దగా నొక్కకుండా తిప్పాను. మెరుపు వచ్చింది. అయినా నమ్మకూడదు! పాలిష్‌లోని నూనెలు గీతల్ని దాచేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి, ఆ నూనెలు పోయాక కూడా గీతలు కనబడకపోతేనే నాకు టెన్షన్ తగ్గింది. గట్టి పెయింట్ అయితే కథ రివర్స్. మైక్రోఫైబర్ ప్యాడ్, ఇంకా ఎక్కువగా అరగదీసే కటింగ్ కాంపౌండ్ పడితేగానీ గీత కదలదు. అక్కడ కూడా క్లియర్ కోట్ మందం మామూలుగా 40–50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు), ఎక్కువ అరగదీస్తే ఆ పొరే పోతుంది, అందుకే లోతు గీతల జోలికి నేను పోను.