చిప్ లేఅవుట్ డిజైన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

చిప్ తయారుచేసే ఫ్యాక్టరీ (ఫ్యాబ్) కట్టాలంటే వేల కోట్లు కావాలి. చిప్ లోపలి అమరికను చూపే లేఅవుట్ గీయడానికి మంచి ఇంజినీర్లు పదిమంది, కొన్ని నెలల కష్టం ఉంటే చాలు. హైదరాబాద్‌లోని చిన్న డిజైన్ కంపెనీలకు అసలు ఆస్తి ఆ లేఅవుటే. దాన్ని కాపాడే చట్టం మన దేశంలో 2000లోనే వచ్చింది. అయితే రిజిస్టర్ చేయని డిజైన్‌ను ఎవరైనా కాపీ కొడితే, ఆ చట్టం కింద దావా వేసే హక్కు ఉండదు. అందుకే ఈ పనిని వాయిదా వేయకండి.

రక్షణ దొరికేది ట్రాన్సిస్టర్లను, వాటిని కలిపే వైరింగ్‌ను మీరు అమర్చిన తీరుకు మాత్రమే. చిప్ చేసే పనికి కాదు, అది పేటెంట్ సంగతి. డిజైన్ మీ సొంతదై ఉండాలి. అందరూ వాడే సర్క్యూట్ బ్లాకులే వాడినా ఫరవాలేదు, వాటిని కలిపిన తీరు మొత్తంగా మీ ఆలోచన అయితే చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది తేదీల దగ్గర. చిప్ మార్కెట్లోకి వచ్చి రెండేళ్లు దాటితే ఇక రిజిస్టర్ చేయరు. రెండేళ్లలోపే కదా అని ఆగినా నష్టమే. పదేళ్ల రక్షణను దరఖాస్తు తేదీ, మొదటి అమ్మకం తేదీల్లో ఏది ముందైతే అక్కడి నుంచే లెక్కిస్తారు. అమ్మకం మొదలైన 20 నెలలకు దరఖాస్తు చేస్తే మీకు మిగిలేది 8 ఏళ్ల 4 నెలలే. నా మాట వింటే, టేపవుట్ (పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడం) అయిన వారంలోనే కాగితాలు సిద్ధం చేసుకోండి.

దరఖాస్తు ఎల్‌డీ-1 ఫారంలో చేయాలి. ఫీజు రూ.5,000. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ కింద ఢిల్లీలో ఉన్న లేఅవుట్ డిజైన్ రిజిస్ట్రీకి పంపాలి. లేఅవుట్ డ్రాయింగులు గానీ, మాస్కుల (చిప్‌పై డిజైన్‌ను అచ్చువేసే పలకల) ఫొటోలు గానీ మూడు సెట్లు జతచేయాలి. అమ్మకాలు మొదలై ఉంటే ఆ తేదీని ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంటు ద్వారా వెళితే అధికార పత్రం కూడా ఉండాలి.

రిజిస్ట్రార్ అంగీకరించాక 14 రోజుల్లో ప్రకటన ఇస్తారు. ఆ తర్వాత మూడు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ నోటీసు మీకు అందితే రెండు నెలల్లోగా జవాబు పంపి తీరాలి. పంపకపోతే దరఖాస్తును మీరే వదులుకున్నట్టు లెక్క. మధ్యలో ఆఫీసు మారితే కొత్త చిరునామాను వెంటనే రిజిస్ట్రీకి తెలియజేయండి.