బిహేవియరల్ ఫైనాన్స్‌లో పీహెచ్‌డీయా? ముందు బాబాయ్ డీమ్యాట్ స్టేట్‌మెంట్ అడగండి

ఎంబీఏ అయిపోయింది, బిహేవియరల్ ఫైనాన్స్‌లో (డబ్బు విషయంలో జనం మనసు ఎలా పనిచేస్తుందో చూసే సబ్జెక్టు) రీసెర్చ్ చేసి ఆ సబ్జెక్టే చెప్పుకుంటూ బతకాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి సార్ అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, గూగుల్ ఫామ్ జోలికి పోకండి. నేను పోయా. కనిపించినవాళ్లందరికీ ఫామ్ పంపి "మీ నిర్ణయాల మీద మీకు నమ్మకం ఎక్కువా" లాంటి వాటికి 1 నుంచి 5 దాకా టిక్కులు పెట్టించుకున్నా, తీరా వైవాలో ఒక పెద్దాయన "వీళ్లు అసలు ఏం కొన్నారో ఏం అమ్మారో చూశావా బాబూ" అన్నారు, నోట మాట రాలేదు.

యూజీసీ నెట్, జేఆర్‌ఎఫ్ పరీక్షలు ఎలాగూ రాస్తారు, దాని గురించి చెప్పను. చదవాల్సినవి మొదట మూడే పేపర్లు: లాభం కంటే నష్టమే మనకి ఎక్కువ తగులుతుందని 1979లో కానెమన్, ట్వర్‌స్కీ రాసింది, దాన్ని షేర్ల అమ్మకానికి పట్టించి చూసిన 1985 నాటి షెఫ్రిన్, స్టాట్‌మన్‌ది, 1998లో ఒడీన్‌ది. మూడోది పెన్ను పట్టుకుని చదవండి. ఆయన ఒక అమెరికన్ బ్రోకర్ దగ్గర 10,000 ఖాతాలు తీసుకుని, జనం లాభంలో ఉన్న షేర్లు త్వరగా అమ్మేసి నష్టంలో ఉన్నవి పట్టుకుని కూర్చుంటారని లెక్కేసి చూపించాడు.

ఇక ఆ లెక్క మీరే చెయ్యండి. బాబాయ్ దగ్గర డీమ్యాట్ (షేర్ల ఖాతా) స్టేట్‌మెంట్, రేట్ల కోసం బ్రోకర్ ఇచ్చిన కొనుగోలు అమ్మకాల లెక్కా తీసుకుని ఆయన ఏదో ఒకటి అమ్మిన రోజులు మాత్రమే పట్టుకోండి. ఆ రోజు ఖాతాలో 10 కంపెనీలు, కొన్న రేటుతో పోలిస్తే 4 లాభంలో 6 నష్టంలో ఉన్నాయనుకుందాం, లాభంలోవి 2 అమ్మాడు, నష్టంలోది 1 అమ్మాడు. అంటే లాభాల్లో 50 శాతం, నష్టాల్లో 17 శాతం లోపే. ఈ తేడానే డిస్పొజిషన్ ఎఫెక్ట్. "కొన్న రేటుకి రానీ రా, అప్పుడు అమ్ముతా" అని బాబాయ్ అంటాడు చూడండి, అదన్నమాట. ఒడీన్‌కి వచ్చినవి లాభాల్లో 14.8 శాతం, నష్టాల్లో 9.8 శాతం. అక్కడ పన్ను ఏడాది ముగిసే డిసెంబర్‌లో మాత్రం పన్ను తగ్గించుకోవడానికి నష్టాలే ఎక్కువ అమ్మారు, మన పన్ను ఏడాది మార్చితో అయిపోతుంది కాబట్టి మీరు మార్చి నెల విడిగా చూసుకోవాలి. ఒక్క ఖాతాతో థీసిస్ అవదు గానీ చెయ్యి తిరుగుతుంది, తర్వాత ఆర్ గానీ పైథాన్ గానీ (డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాషలు) నేర్చుకుని పెద్ద డేటాకి వెళ్లండి.

పాఠం చెప్పేటప్పుడు బయాస్‌ల (మనసు చేసే పొరపాట్ల) లిస్టు బోర్డు మీద ఎక్కించకండి, పిల్లలు బట్టీ పట్టేస్తారు అంతే. బొమ్మ పడితే 150 మీకు, బొరుసు పడితే మీరు నాకు 100 ఇవ్వాలి, ఎవరు ఆడతారు అని రూపాయి బిళ్ల తీయండి, లెక్క ప్రకారం ఆడితేనే లాభం, అయినా చేతులు లేవవు. ఇంకోటి, 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే అని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పింది కదా, ఆ మాట చెప్పేశాకే చీటీలు పంచి వందలో మిగిలిన ఆ ఏడుగురిలో మీరు ఉంటారా అని రాయమనండి. మా క్లాసులో సగం పైనే ఉంటామని రాశారు, ఒకడైతే పేరు రాయొద్దన్నా రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు.