గ్రాఫులో గీత తప్పుతోందా? గడులు కాదు, స్కేలు చూడండి

వై = ఎమ్ఎక్స్ + సి రూపంలోని సమీకరణానికి గ్రాఫు గీశాక వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. అంతరఖండానికి (సి, అంటే గీత వై-అక్షాన్ని ఖండించే చోటు) దూరంగా గీత మీద ఒక బిందువు తీసుకుని, దాని నిరూపకాలను సమీకరణంలో ప్రతిక్షేపించాలి. అర నిమిషం చాలు. అనంతపురంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటీ వదిలేసి రబ్బరు అందుకుంటారు. దయచేసి ముందు ప్రతిక్షేపించండి. రెండు వైపులా సమానం కాకపోతే అప్పుడు కారణం వెతకండి.

దిగాల్సిన గీత ఎక్కుతోంది. వాలు (ఎమ్, అంటే ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో అది) −2/3 అంటే కుడికి 3, కిందికి 2. రుణ గుర్తును రెండింటికీ వేసి ఎడమకు 3, కిందికి 2 వెళ్తే వాలు ధనాత్మకమైపోతుంది. గుర్తు ఒక్కదానికే వేయండి.

గీత వై-అక్షాన్ని తప్పు చోట ఖండిస్తోంది. 2వై = 6ఎక్స్ + 8 చూసి 8 దగ్గర చుక్క పెట్టి ఉంటారు. వై గుణకంతో భాగించాకే చదవాలి. వాలు 3, అంతరఖండం 4.

అంతరఖండం సరిగ్గానే ఉంది, గుర్తూ సరైనదే, అయినా గీత తప్పు. బాగా చదివే పిల్లలు కూడా చిక్కుకునేది ఇక్కడే. రెండు అక్షాల మీద స్కేలు వేరువేరుగా తీసుకుని, వాలును మాత్రం గడుల్లో లెక్కపెడతారు.

మన జిల్లాలో అందరికీ తెలిసిన బోరు ఖర్చే తీసుకుందాం. బండి రాకపోకలకు 5,000 రూపాయలు, అడుగుకు 100 రూపాయలు అనుకుంటే వై = 100ఎక్స్ + 5000. (లోతు పెరిగి అడుగు ధర మారితే అది ఒకే సరళరేఖగా ఉండదు. ఇక్కడ ధర మారదనుకుందాం.) ఎక్స్-అక్షంపై 1 సెం.మీ. = 50 అడుగులు, వై-అక్షంపై 1 సెం.మీ. = 5,000 రూపాయలు. 50 అడుగులకు పెరిగే ఖర్చు 5,000 కాబట్టి, ఒక సెంటీమీటరు కుడికి జరిగితే గీత ఒక సెంటీమీటరే లేస్తుంది. గీత 45 డిగ్రీల్లో కనిపిస్తుంది. అది చూసి వాలు 1 అని రాసేస్తారు. వాలు 100, అడుగుకు వంద రూపాయలు. వై-స్కేలును 10,000 చేస్తే గీత ఇంకా పడుకుంటుంది. వాలు మాత్రం మారదు.

గీసేటప్పుడూ ఇదే ప్రమాదం. వై = 2ఎక్స్ + 4 కు వై-అక్షంపై 1 సెం.మీ. = 2 యూనిట్లు, ఎక్స్-అక్షంపై 1 సెం.మీ. = 1 యూనిట్ తీసుకుని, కుడికి ఒక సెంటీమీటరు, పైకి రెండు వెళ్తే (1, 8) వస్తుంది. రావాల్సింది (1, 6). అందుకే వాలు కోసం కుడికి, పైకి జరిగేటప్పుడు అక్షాల మీది అంకెలతో లెక్కపెట్టండి, గడులతో వద్దు. స్కేలును కాగితం మూల ముందే రాసుకుంటే ఈ తప్పు చాలావరకు పోతుంది.

ఎక్స్ = 4 లాంటి నిలువు గీతకు వాలు నిర్వచితం కాదు, ఈ రూపంలోకి రాదు. 4 దగ్గర నిలువుగా గీసేయండి.