రాత్రి షిఫ్టు నిద్రమత్తుకు మందును పరీక్షించే విధానం

రాత్రి పని చేసేవారి నిద్రమత్తుకు మందును పరీక్షించదలచినవారు మోతాదు కన్నా ముందు ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోవాలి. రాత్రంతా మేలుకొనేవారికి కొంత మత్తు రావడం సహజమే. దాన్ని రుగ్మతగా పరిగణించాలంటే లక్షణాలు కనీసం మూడు నెలలుగా ఉండాలి, మొత్తం నిద్ర తగ్గి ఉండాలి, అందుకు పని వేళలే కారణమై ఉండాలి. కాబట్టి కనీసం 14 రోజులు నిద్ర డైరీ రాయించి, మణికట్టుకు కదలికలను నమోదు చేసే పరికరం కట్టించి, పాలిసామ్నోగ్రఫీతో, అంటే నిద్రలో మెదడు తరంగాలను, శ్వాసను నమోదు చేసే పరీక్షతో, స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి సాగడం) వంటివి లేవని నిర్ధారించుకోవాలి. ఈ వడపోత సరిగా జరగకపోతే తర్వాత ఎంత గణాంక నైపుణ్యం చూపినా ఉపయోగం ఉండదు.

కొలతలన్నీ రాత్రి వేళ, వారు అలవాటుగా పని చేసే గంటల్లోనే తీసుకోవాలి. పగటిపూట ప్రయోగశాలకు పిలిపించి పరీక్షిస్తే ఆ ఫలితం వేరొక ప్రశ్నకు జవాబు అవుతుంది. ప్రధాన కొలతగా బహుళ నిద్రారంభ పరీక్ష, అంటే ఎమ్‌ఎస్‌ఎల్‌టీ, వాడవచ్చు. ఇందులో రెండేసి గంటల వ్యవధితో చీకటి గదిలో పడుకోబెట్టి, 20 నిమిషాల గడువులో ఎంతసేపటికి నిద్ర పట్టిందో చూస్తారు; ఎంత త్వరగా పడితే మత్తు అంత ఎక్కువన్నమాట. దీనికి తోడు, తెరపై సంకేతం కనిపించగానే మీట నొక్కించే జాగరూకతా పరీక్షలో 500 మిల్లీసెకన్లు దాటిన స్పందనలను లోపాలుగా లెక్కించాలి. ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉండే కరోలిన్స్కా కొలబద్ద మీద వారే తమ మత్తును అంచనా వేసి చెప్పాలి. సొంత అంచనా, యంత్రపు లెక్క ఎప్పుడూ ఏకీభవించవు కనుక రెండూ అవసరమే.

మందును, ప్లాసిబోను (చూడటానికి అలాగే ఉండే, మందు లేని మాత్రను) యాదృచ్ఛికంగా పంచాలి. ఎవరికి ఏది అందిందో వైద్యులకూ తెలియకూడదు. 2005లో ప్రచురితమైన, 209 మంది పాల్గొన్న మోడాఫినిల్ (మెలకువగా ఉంచే మందు) పరీక్షలో షిఫ్టుకు 30 నుంచి 60 నిమిషాల ముందు 200 మిల్లీగ్రాములు ఇచ్చి, మూడు నెలలు పరిశీలించారు. సగటు నిద్రారంభ వ్యవధి మందు తీసుకున్నవారిలో 2.1 నుంచి 3.8 నిమిషాలకు పెరిగింది. ప్లాసిబో వర్గంలో పెరుగుదల స్వల్పమే. తేడా గణాంకపరంగా నిజమైనదే అయినా, 3.8 నిమిషాలంటే అది ఇంకా తీవ్రమైన నిద్రమత్తే. అందుకే ‘మెరుగుపడింది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, సాధారణ స్థితికి ఎంత దూరంలో మిగిలారో కూడా నివేదికలో రాయాలి. షిఫ్టు ముగిసి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదాలను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను డైరీలో నమోదు చేయించడం మరువకూడదు. పాల్గొనేవారికి అసలు లాభమో నష్టమో తేలేది అక్కడే.

మోడాఫినిల్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు 15 గంటలు పడుతుంది కనుక మర్నాటి పగటి నిద్ర చెడిందో లేదో పాలిసామ్నోగ్రఫీతో చూడాలి. రక్తపోటు, తలనొప్పి, ఆందోళన నమోదు చేయాలి. చర్మంపై దద్దుర్లు కనిపిస్తే మందు వెంటనే ఆపించాలి. హార్మోన్ల గర్భనిరోధకాల ప్రభావాన్ని ఈ మందు తగ్గిస్తుంది కాబట్టి మందు వాడినంత కాలం, ఆపిన తర్వాత ఒక నెల వరకు వేరే పద్ధతి పాటించాలని సమ్మతి పత్రంలోనే స్పష్టంగా రాయాలి.