సిలబస్, కరిక్యులం, పాఠ్యప్రణాళిక: మాట పుట్టుక వెతికే పద్ధతి

సిలబస్, కరిక్యులం, పాఠ్యప్రణాళిక... చదువు చెప్పేవాళ్ళ నోట రోజూ నలిగే మాటలివి. చాలామంది మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. నాకది సమ్మతం కాదు. మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే, ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోవడం సులువవుతుంది. పుట్టుక ఎలా వెతకాలో వీటి మీదే చేసి చూపిస్తాను.

ముందు మాటను విడదీయండి. ‘పాఠ్యం’ సంస్కృతంలోని ‘పఠ్’ ధాతువు నుంచి వచ్చింది. పైకి చదవడం, వల్లించడం అని దాని అర్థం. ‘ప్రణాళిక’ దగ్గర మాత్రం కాసేపు ఆగండి. ఇవాళ మనకు పంచవర్ష ప్రణాళికలే గుర్తొస్తాయి గానీ, సంస్కృతంలో ‘ప్రణాళి’ అంటే నీళ్ళు పారే కాలువ. అందులో ఉన్నది రక్తనాళంలోని నాళమే! చదువు ఏ దారిన పారాలో ముందే తవ్వి పెట్టిన కాలువ అన్నమాట. ఇంత అందమైన అర్థం ప్రభుత్వ కాగితాల కింద పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది. కొందరు వాడే ‘పాఠ్యక్రమం’లోని ‘క్రమ్’ ధాతువుకు అడుగు వేయడమని అర్థం.

తర్వాత, పాత అర్థం పక్కన కాలం రాసుకోండి. కరిక్యులం సంగతే చూడండి. లాటిన్‌లో ‘కుర్రెరె’ అంటే పరుగెత్తడం. ‘కుర్రికులుమ్’ అంటే పరుగు, పందెం, పందెపు రథం కూడా. ‘కోర్సు’ ఆ ఇంటి బిడ్డే. ఈ పందెపు మాట చదువుకు అంటుకున్నది యూరప్ విశ్వవిద్యాలయాల్లో. 1582లో లైడెన్, 1633లో గ్లాస్గో పత్రాల్లో కనిపిస్తుంది. మొదలూ తుదీ ఉండి, వరసగా పూర్తిచేయాల్సిన చదువని భావం.

పోలికను మాత్రం నమ్మకండి. సిలబస్, సిలబుల్ (మాటలోని అక్షరం) వినడానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. సిలబుల్ ‘కలిపి పట్టుకోవడం’ అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. సిలబస్ కథ వేరు. క్రీ.పూ. 56లో రోమన్ వక్త సిసెరో తన గ్రంథాలయం సర్దించుకుంటూ, మిత్రుడు అట్టికస్‌కు ఉత్తరం రాశాడు: పుస్తకాలు అంటించే పనివాళ్ళను పంపు, చీటీలకు తోలు కాగితం తెమ్మను అని. చుట్టలుగా చుట్టిన గ్రంథాలకు పేరు రాసి తగిలించే ఆ చీటీలను గ్రీకులో ‘సిట్టుబా’ అనేవారు. 1470ల నాటి అచ్చు ప్రతుల్లో అది ‘సిల్లబోస్’గా పడింది. పండితులు అచ్చుతప్పును అసలు మాటే అనుకున్నారు, పట్టిక అనే అర్థమూ కట్టారు. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో చేరింది. కాబట్టి ఆ మాట ఉన్న పాత ప్రతి దాకా వెళ్ళకుండా ధాతువు తేల్చేయకండి.

తెలుగు, సంస్కృత పదాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి పలు నిఘంటువులు వెతకవచ్చు. ఒక్క నిఘంటువు చెప్పిందని ఆగిపోకండి. రెండు చోట్ల పొంతన కుదరకపోతే, ఎవరు పాత ప్రయోగం చూపారో వాళ్ళ వైపు మొగ్గండి.

చివరగా వాక్యంలో పెట్టి చూడండి. ‘ఈ పరీక్షకు సిలబస్ ఏమిటి?’ సరిగ్గా కుదిరింది, అడిగింది అంశాల పట్టిక గనుక. ‘బడిలో ఆటలు, ప్రయోగాలు, పాఠాలు ఏ ఏడు ఏవి?’ అన్నప్పుడు పట్టిక చాలదు, అక్కడ రాయాల్సింది పాఠ్యప్రణాళిక.