రక్తం ఎక్కించడం, 4వ పాఠం: పేరు అడగడం ఎలా?

సిస్టర్లూ, ఈసారి రక్తం బ్యాగు తగిలించడం నేర్పాలనుకున్నాను. మూడో పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక ముందుకు పోవడానికి మనసొప్పలేదు. రోగి నుంచి రక్తపు శాంపిల్ తీసే వరస రాయమంటే ఎక్కువ మంది ‘ముందు ట్యూబులన్నింటి మీద పేర్లు రాసి, ట్రేలో పెట్టుకుని వార్డులోకి వెళతాం’ అని రాశారు. పైగా కావలి నుంచి ఒక సిస్టర్ ‘క్రాస్‌మ్యాచ్ (రోగి రక్తంతో దాత రక్తం కలుస్తుందా అని చూసే పరీక్ష) సరిపోయిందని బ్లడ్ బ్యాంకు వాళ్లే రాసిచ్చాక ఇక భయమెందుకండీ?’ అని అడిగారు. రెండింటికీ మూలం ఒక్కటే, మనిషిని వదిలేసి రాతను నమ్మడం.

బ్లడ్ బ్యాంకు మనిషిని చూడదు, ట్యూబును చూస్తుంది. మీరు పక్క మంచం ఆయన రక్తం తీసి, ఈ మంచం ఆయన పేరున్న ట్యూబులో పోశారనుకోండి. టెక్నీషియన్ నిక్కచ్చిగా పని చేసి, ఆ పక్క మంచం ఆయనకు సరిపడే రక్తాన్నే ఇస్తారు. క్రాస్‌మ్యాచ్ సరిపోతుంది, ఫారం సరిపోతుంది, బ్యాగు మీద పేరూ సరిపోతుంది. ఎక్కించుకునే మనిషికే సరిపోదు. కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తపు గ్రూపులను 1901లో ప్రకటించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా గ్రూపు తప్పిన రక్తం ఎక్కుతోందంటే, చాలాసార్లు కారణం గ్రూపు తెలియకపోవడం కాదు, మనిషి మారిపోవడం.

కాబట్టి ఖాళీ ట్యూబుతో మంచం దగ్గరికి వెళ్లండి. రక్తం తీశాక అక్కడే నిలబడి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), తేదీ, సమయం రాసి సంతకం పెట్టండి. ఆ తర్వాతే అడుగు కదపండి. రోగి గ్రూపు పాత రికార్డులో లేకపోతే, వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్‌తో సరిచూడడం మేలు. రెండూ ఒకేసారి తీసి, ఒకదాన్ని జేబులో దాచి గంట తర్వాత పంపే తెలివితేటలు వద్దు.

ఇక పేరు అడగడం. మన నెల్లూరు జిల్లాలో ఇదేమీ చిన్న విషయం కాదు. పెంచలకోన నరసింహస్వామి దయవల్ల మగవాళ్ల వార్డులో ఇద్దరు పెంచలయ్యలు ఉండడం మామూలే. ఆడవాళ్ల వార్డులో కామాక్షమ్మలు, ఒంగోలు వైపు వెళితే ఆంజనేయులు, వెంకటేశ్వర్లు. ఇంటిపేరు కూడా కలిసిన రోజు మీ అదృష్టం!

‘మీరు పెంచలయ్య గారే కదా?’ అని అడగకండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన ఊళ్లలో పెద్దవాళ్లు తెల్లకోటుకు ఎదురు చెప్పరు. వినబడకపోయినా ‘ఊఁ’ అంటారు, నిద్రమత్తులోనూ ‘ఊఁ’ అంటారు. రెండో పెంచలయ్య అయితే నిజాయితీగానే ‘అవునమ్మా’ అంటాడు. ‘మీ పేరు చెప్పండి’ అని అడగండి, చెప్పేదాకా ఆగండి. పక్కనున్న కొడుకు అందుకుని చెబితే, విని, మళ్లీ ఆయన్నే అడగండి.

రెండో గుర్తుగా తండ్రి పేరో భర్త పేరో అడుగుతారు. పల్లెల్లో కొందరు పెద్ద వయసు ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు, నవ్వి కూతురి వైపు చూస్తారు. అప్పుడు మీరే ‘రమణయ్యేనా?’ అని అందించారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. పుట్టినింటి వివరాలు కేస్ షీటులో ముందే రాసిపెట్టుకుంటే తండ్రి పేరు అడగవచ్చు. వయసును మాత్రం నమ్ముకోవద్దు, ఆధార్‌లో ఒకటి ఉంటుంది, ఆమె చెప్పేది ఇంకొకటి. అన్నింటికన్నా గట్టిది చేతి పట్టీ మీది ఐపీ నంబరు. నోటితో చెప్పిన పేరు, పట్టీ, కేస్ షీటు, బ్యాగుకు కట్టిన చీటీ నాలుగూ కలవాలి. ఇద్దరు సిస్టర్లు విడివిడిగా చూడాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు తల ఊపడం తనిఖీ కాదు. మంచం నంబరు ఏనాటికీ గుర్తు కాదు, ఫ్యాను గాలి కోసం మంచాలు మారేవాళ్లను మీరూ చూశారు. స్పృహ లేని మనిషికి పట్టీయే దిక్కు, అది లేకపోతే ముందు పట్టీ కట్టండి.

మిగతావి మీకు తెలిసినవే కాబట్టి గబగబా చెబుతాను. బ్యాగు బ్లడ్ బ్యాంకు దాటిన అరగంటలో మొదలవ్వాలి, నాలుగు గంటల్లో ముగియాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు బంధువులు బ్యాగును క్యారీ సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద తెస్తారు, మూత ఉన్న చల్లని పెట్టె ఇచ్చి పంపండి. ఇన్సులిన్ దాచే వార్డు ఫ్రిజ్‌లో బ్యాగు పెట్టకండి, వేడినీళ్లలో ముంచకండి. రక్తం ఎక్కే లైన్లో నార్మల్ సెలైన్ (ఉప్పునీటి ద్రావణం) తప్ప వేరే ద్రవం ఏదీ వద్దు. డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) రక్తకణాలను పగలగొడుతుంది, రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రావణంలోని కాల్షియం రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. నరంలో పెట్టే సన్నని గొట్టం, అంటే కాన్యులా, నాకు ఆకుపచ్చదే ఇష్టం, నరం సన్ననిదైతే గులాబీ రంగుది. ముగియాల్సిన సమయాన్ని ప్లాస్టరు ముక్క మీద రాసి స్టాండుకు అంటిస్తాను.

మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా పోనివ్వండి, అక్కడే ఉండండి. చలి, జ్వరం, నడుము నొప్పి, ఆయాసం, ‘ఏదో అయిపోతోందమ్మా’ అనే బెంగ, వీటిలో ఏది కనిపించినా ముందు రక్తం ఆపండి, డాక్టరుకు ఫోను ఆ తర్వాత. కొత్త సెట్టుతో సెలైన్ పెట్టి, చీటీని మళ్లీ పట్టీతో సరిచూడండి. పక్క వార్డులో ఇంకో పెంచలయ్యకు మీ రోగి బ్యాగు ఎక్కుతూ ఉండవచ్చు, అక్కడా ఆపించండి. బ్యాగును సెట్టుతో సహా, కొత్త శాంపిల్‌తో కలిపి బ్లడ్ బ్యాంకుకు పంపండి. మూత్రం రంగు చూడండి. 2012 నుంచి దేశంలో హీమోవిజిలెన్స్ (రక్తం ఎక్కించాక వచ్చే ఇబ్బందులను నమోదు చేసే) కార్యక్రమం నడుస్తోంది, రియాక్షన్ ఫారం దాని కోసమే, నింపండి.

అభ్యాసం. రేపటి డ్యూటీలో పదిమంది రోగులను ‘మీ పేరు చెప్పండి’ అని అడగండి. రక్తం ఎక్కించేవాళ్లే కానక్కర్లేదు. వాళ్లు చెప్పింది, పట్టీ, కేస్ షీటు, మూడూ ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో రాసి పంపండి. పేర్లు రాయకండి, తేడా ఒక్కటీ రాస్తే చాలు. అన్నీ కలిశాయని రాసేవాళ్లు మరో పదిమందిని అడగండి.

దానితోపాటు ఇదీ. ఉదయం 10:10కి బ్లడ్ బ్యాంకులో ప్యాక్డ్ సెల్స్ (ఎర్ర రక్తకణాల) బ్యాగు ఇచ్చారు. 10:35కి వార్డుకు చేరింది. రోగిని ఎక్స్‌రేకు తీసుకెళ్లారు, 11:05కి గానీ రాలేదు. చీటీ మీద ‘కామాక్షమ్మ’, పట్టీ మీద ‘కామాక్షి’, ఐపీ నంబరు ఒకటే. మీరు ఏ క్షణంలో ఎవరికి ఫోను చేస్తారు, ఏమని అడుగుతారు?